ఈపీ ఎక్కడ వేస్తారు?

అంతర్జాతీయ న్యాయస్థానాల సంస్కరణపై స్మారకోపన్యాసం, పూర్తి పాఠం



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసమో ఆయన పేరు నా వెనక పటం కింద రాసి ఉంది. ఆ పేరు పెట్టి నేను ఆయన్ను ఎన్నడూ పిలవలేదు. 1983లో నల్లకోటు కొత్తవాసన పోకముందే ఆయన ఆఫీసులో చేరాను. ఆరేళ్లు పనిచేసి, పాఠాలు చెప్పుకుందామని విశాఖపట్నం వెళ్లిపోయాను. వెళ్లినా పిలుపు మారలేదు, సీనియర్ గారు సీనియర్ గారే. ఇవాళ కూడా అలాగే అంటాను, మన్నించాలి.

కక్షిదారు వచ్చి కూర్చుంటే ఆయన ముందు కాగితాలు అడిగేవారు కాదు. "ప్రతివాది సమన్లు తీసుకునే రకమేనా?" అనేవారు. ఆ తర్వాత, "రేపు డిక్రీ వచ్చిందనుకో, జప్తుకి ఏముంది?" ఈ రెండూ తేలాకే ప్రోనోటు చేతిలోకి తీసుకునేవారు. న్యాయం ఎవరి వైపున్నదన్నది మూడో మాట. అప్పుడే లా కాలేజీ నుంచి వచ్చిన నాకు ఇది కాస్త చిన్నతనంగా తోచేది. మూడోదే మొదట అడగాలి కదా అనుకునేవాణ్ని. అంతర్జాతీయ న్యాయం బోధించి, రిటైరై, పుస్తకాలు అటక మీదకు చేర్చాక ఇప్పుడు చూసుకుంటే, నేను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పింది ఆ మూడో ప్రశ్న గురించే. మొదటి రెండూ ఆయన దగ్గరే ఉండిపోయాయి.

2017 మే 18 సాయంత్రం ఆయన నుంచి ఫోన్. మరణశిక్ష పడ్డ మన దేశస్థుడు కుల్‌భూషణ్ జాదవ్ ఉరి ఆపమని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్థాన్‌ను ఆదేశించింది. మే 8న మనం దరఖాస్తు వేస్తే పదిరోజుల్లో ఏకగ్రీవంగా ఆర్డరు. టీవీల్లో సంబరం. మన తరఫున వాదించిన హరీశ్ సాల్వే గారు ఫీజు ఒక్క రూపాయే తీసుకున్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గారు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి ఆ రూపాయి మీద కూడా చర్చ. సీనియర్ గారు అంతా విన్నారు. "బాగుందిరా అబ్బాయ్. మరి ఈపీ ఎక్కడ వేస్తారు?" అన్నారు.

ఈ సభలో సగం మందికి నవ్వు వచ్చింది. మిగతా సగం కోసం చెబుతున్నాను. కోర్టు డిక్రీ ఇచ్చినంత మాత్రాన డబ్బు చేతిలో పడదు. దాన్ని అమలు చేయమని మళ్లీ ఒక పిటిషన్ వేయాలి. దాన్నే ఎగ్జిక్యూషన్ పిటిషన్, ఈపీ అంటాం. అప్పుడు జప్తు చేసే కోర్టు ఉద్యోగి అమీను వెళ్లాలి, తలుపు తట్టాలి, తాళం ఉంటే తిరిగి రావాలి. ఈ దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే, దర్భంగా రాజ్ కేసులో వాపోయింది. సీనియర్ గారి బీరువాలో దావా కట్టలకంటే ఈపీ కట్టలే లావుగా ఉండేవి. ఆ బీరువా చూసినవాళ్లకు హేగ్ కొత్తగా ఏమీ కనబడదు.

అంతర్జాతీయ కోర్టుల సంస్కరణ అనగానే మనవాళ్లు కుర్చీల సంగతి ఎత్తుకుంటారు. ఎవరి జడ్జి ఉన్నాడు, ఎవరి జడ్జి లేడు అని. కాదనను. ఆ కోర్టులో 15 మంది జడ్జీలు, తొమ్మిదేళ్ల పదవి, మూడేళ్లకోసారి ఐదు స్థానాలకు ఎన్నిక. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలోనూ భద్రతా మండలిలోనూ విడివిడిగా మెజారిటీ రావాలి. 2017 నవంబరులో జస్టిస్ దల్వీర్ భండారీకీ బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్‌కూ మధ్య రౌండ్ల మీద రౌండ్లు నడిచి, ఆఖరికి బ్రిటన్ తప్పుకుంది. 1946లో కోర్టు పుట్టాక బ్రిటిష్ జడ్జి లేకపోవడం అదే మొదలు. 2023లో రష్యా స్థానం కూడా పోయింది. పెద్దన్నల కుర్చీలు పుట్టుకతో రాసిచ్చినవి కావని తేలడం మంచిదే. అయితే ఒక లెక్క చూడండి. 2019 జూలై 17న జాదవ్ కేసు తీర్పు 15-1తో మన వైపు వచ్చింది. భండారీ గారు ఆ బెంచి మీద లేకపోతే 14-1. తేడా అంతే. తీర్పులో ఆయన ఓటు లేకపోయినా మనకు లోటు ఉండేది కాదు. లోటు తీర్పు తర్వాత ఉంది.

ఆ కోర్టులో ఇంకో విచిత్రం ఉంది. బెంచి మీద తన దేశస్థుడు లేకపోతే, ఆ కేసు వరకూ ఒక జడ్జిని తెచ్చుకునే హక్కు కక్షిదారు దేశానికి ఉంటుంది. మన పల్లెల్లో తగువు తీర్చేటప్పుడు ఇటో పెద్దమనిషి, అటో పెద్దమనిషి కూర్చునే పద్ధతి లాంటిదే. విద్యార్థులకు ఇది చెప్పినప్పుడల్లా నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. తర్వాత అర్థమైంది, ఆ కోర్టు అసలు స్వభావమే అది. పెద్దమనుషుల పంచాయితీకీ సివిల్ కోర్టుకూ మధ్య ఎక్కడో ఆగిపోయిన సంస్థ. పంచాయితీకి ఇద్దరూ ఒప్పుకుని రావాలి, ఒకడు రానంటే పంచాయితీ లేదు. హేగ్‌లోనూ అంతే.

అలా మనం రానన్న రోజు ఒకటుంది. 1999 ఆగస్టు 10న కచ్ రణ్ దగ్గర మన మిగ్-21లు పాకిస్థాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను కూల్చాయి. అందులో ఉన్న 16 మందీ చనిపోయారు. సెప్టెంబరులో పాకిస్థాన్ హేగ్‌కు వెళ్లింది. అప్పుడు మన తరఫు తాత్కాలిక జడ్జి ఎవరనుకున్నారు? జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మన హైకోర్టులో జడ్జిగా చేసి, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మన తెలుగు మనిషి. ఎవరిది తప్పన్న విచారణ జరగనే లేదు. ఈ కోర్టుకు మా మీద అధికారం లేదన్నాం. కోర్టు అధికారానికి 1974లో మనం ఇచ్చిన ఒప్పుకోలు పత్రంలో కామన్వెల్త్ దేశాలతో తగాదాలు మినహాయించాం, పాకిస్థాన్ కామన్వెల్త్ దేశం కాబట్టి చెల్లదన్నాం. 2000 జూన్ 21న కోర్టు 14-2తో మన వాదన ఒప్పుకుంది. అంటే సమన్లు తీసుకోకుండా తిప్పి పంపామన్నమాట, చట్టప్రకారమే అనుకోండి. 2016లో మార్షల్ దీవులు అణ్వాయుధాల మీద వేసిన కేసులోనూ మనం గట్టెక్కింది ఇలా అధికార పరిధి మీదే, అదీ 9-7తో. 2019 సెప్టెంబరు 27న మన ఒప్పుకోలు పత్రాన్ని తిరగరాశాం. మినహాయింపుల జాబితా మాత్రం అంతే పొడుగ్గా ఉంది.

మనం ఒక్కరమే అనుకోవద్దు. భద్రతా మండలి శాశ్వత సభ్యులు ఐదుగురిలో ఇవాళ ఆ కోర్టు అధికారాన్ని ముందుగా ఒప్పుకుని ఉన్నది బ్రిటన్ ఒక్కటే. ఫ్రాన్స్ 1974లో తప్పుకుంది, అణుపరీక్షల మీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కేసు వేశాక. అమెరికా తప్పుకున్న కథ మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి.

నికరాగువా రేవుల్లో మందుపాతరలు పెట్టారని, తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చి ఉసిగొల్పారని ఆ చిన్న దేశం 1984లో అమెరికా మీద దావా వేసింది. అధికార పరిధి ఉందని కోర్టు అనేసరికి అమెరికా వాయిదాలకు రావడం మానేసింది. మన భాషలో ఎక్స్‌పార్టీ. 1985లో తన ఒప్పుకోలునే వెనక్కి తీసుకుంటున్నానంది. 1986 జూన్ 27న తీర్పు వచ్చింది. ఆనాడు కోర్టు అధ్యక్షస్థానంలో ఉన్నవారు మన డూంగర్‌పూర్ రాచబిడ్డ, ఐసీఎస్ అధికారిగా చేసిన నాగేంద్ర సింగ్. అమెరికా అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించింది, నష్టపరిహారం ఇవ్వాలి అని తేలింది. డిక్రీ వచ్చింది.

ఇక ఈపీ. ఐక్యరాజ్యసమితి చార్టర్ 94వ అధికరణ ప్రకారం తీర్పు పాటించని దేశం మీద అవతలి పక్షం భద్రతా మండలికి వెళ్లవచ్చు. మండలికి అవసరమనిపిస్తే చర్య తీసుకోవచ్చు. "అనిపిస్తే", "తీసుకోవచ్చు". ఆ రెండు మాటల్లో ఎంత ఖాళీ ఉందో ప్లీడర్లకు చెప్పనక్కర్లేదు. 1986 అక్టోబరు 28న తీర్పును గౌరవించమన్న తీర్మానం ఓటింగుకు వచ్చింది. 11 మంది అవునన్నారు, ముగ్గురు తటస్థం, ఒక్కరు కాదన్నారు. ఆ ఒక్కరు అమెరికా. వీటో. డిక్రీ పడ్డవాడే, అంటే మన జేడీఆరే, లేచి నిలబడి ఈపీ కొట్టివేయించుకున్న కోర్టు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? 1991లో, ప్రభుత్వం మారాక, నికరాగువా కేసు వదులుకుంది.

పోనీ చిన్న దేశం మీద డిక్రీ అయితే వసూలవుతుందా? ఆ కోర్టు మొదటి కేసే చూడండి. కోర్ఫు జలసంధిలో మందుపాతరలు పేలి బ్రిటిష్ యుద్ధనౌకలు దెబ్బతిన్నాయి. 1949 డిసెంబరులో అల్బేనియా 8,43,947 పౌండ్లు కట్టాలని డిక్రీ. అల్బేనియా కట్టలేదు. నాజీలు దోచుకుపోయిన అల్బేనియా బంగారం అప్పట్లో మిత్రరాజ్యాల దగ్గర ఉంది. బ్రిటన్ దాని మీద చెయ్యి వేసింది. మన గార్నిషీ జప్తు అన్నమాట, మూడోవాడి దగ్గరున్న సొత్తును పట్టుకోవడం. ఇటలీ మధ్యలో దూరి ఆ బంగారం నాదంది. 1954లో కోర్టు, అల్బేనియా ఎదుట లేకుండా ఈ సంగతి తేల్చలేనంది. ఆ బంగారం అలాగే ఉండిపోయింది. చివరికి 1990లలో 20 లక్షల డాలర్లకు రాజీ. ఈ కథ నేను చెబితే సీనియర్ గారు చాలాసేపు నవ్వి, "మన సబ్‌కోర్టే నయంరా" అన్నారు.

హేగ్‌లో శాంతి సౌధం చూశాను. ట్రాం దిగితే ఎదురుగా గేటు. ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టి 1913 ఆగస్టులో తెరిచారు. ఏడాది తిరక్కుండానే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. లోపల దేశదేశాల కానుకలు. రష్యా జార్ పంపిన సూర్యకాంతశిల కలశం ఒకటి, మూడు టన్నుల పైనే బరువు. అదెలా తెచ్చారో, ఎలా నిలబెట్టారో అని గైడు వర్ణిస్తుంటే నాకు మన అమీను గుర్తొచ్చాడు. చంకలో కట్ట, చేతిలో పెన్ను, ఎండలో సైకిలు మీద మనిషి. అంత భవనంలో అతనొక్కడే లేడు.

చార్టర్ మార్చేస్తే పోలేదా అంటారు. మార్చాలంటే మూడింట రెండొంతుల దేశాలు ఆమోదించాలి, అందులో శాశ్వత సభ్యులు ఐదుగురూ ఉండాలి. కోర్టు శాసనం మార్చడానికీ అదే దారి. తాళం ఎవరిదో తాళంచెవీ వాళ్ల దగ్గరే. అందుకే వీటో తీసేయాలి, తప్పనిసరి అధికార పరిధి రావాలి అంటూ ప్రతి దశకంలోనూ వచ్చే పెద్ద నివేదికల మీద నాకు ఆసక్తి సన్నగిల్లింది. ఒకప్పుడు నేనూ అలాంటి వ్యాసాలు రాశాను. వాటిలో ఏదీ ఎవరికీ పనికి రాలేదు.

పనికొచ్చినవి వేరే ఉన్నాయి. 1999 మార్చి 2న జర్మనీ హేగ్‌కు పరుగెత్తింది. అమెరికాలోని అరిజోనాలో వాల్టర్ లాగ్రాండ్ అనే జర్మన్ జాతీయుడికి మర్నాడు మరణశిక్ష. నీ దేశపు కాన్సులర్ సాయం తీసుకునే హక్కు నీకుందని అతనికి సకాలంలో ఎవరూ చెప్పలేదు. మూడో తేదీన కోర్టు ఆపమంది. అదే రోజు అరిజోనా శిక్ష అమలు చేసింది. మధ్యంతర ఉత్తర్వును పాటించి తీరాలా, లేక అదొక విన్నపమా అన్న చర్చ అప్పటికి యాభై ఏళ్లుగా సాగుతోంది. మనిషి చనిపోయాక కూడా జర్మనీ కేసు వదల్లేదు. 2001 జూన్ 27న కోర్టు తేల్చింది, మధ్యంతర ఉత్తర్వు పాటించి తీరాల్సిందేనని. చార్టర్‌లో ఒక్క అక్షరం మారలేదు. పదహారేళ్ల తర్వాత జాదవ్‌కు దొరికిన స్టేకి అంత బరువు వచ్చింది ఆ తీర్పు వల్లే.

దీనికి తోక కూడా ఉంది, దాచకూడదు. 2004లో ఇదే హక్కు మీద 51 మంది మెక్సికన్ల తరఫున మెక్సికో గెలిచింది. మరుసటి ఏడాది మార్చిలో అమెరికా ఆ కేసులకు దారి ఇస్తున్న ప్రోటోకాల్ నుంచే బయటపడింది. 2008లో ఆ దేశపు సుప్రీంకోర్టు, హేగ్ తీర్పు మా దేశంలో దానంతట అదే చట్టం కాదు, కాంగ్రెస్ చట్టం చేస్తేనే అంది. ఆ ఆగస్టులో టెక్సస్‌లో ఆ 51 మందిలో ఒకడైన హోసే మెడెయిన్‌కు శిక్ష అమలైంది. అదే పాకిస్థాన్ సంగతి చూడండి. జాదవ్ తీర్పు వచ్చాక హైకోర్టులో పునస్సమీక్షకు ముందు ఆర్డినెన్స్, తర్వాత 2021లో చట్టం తెచ్చింది. అది తూతూమంత్రమని మన ప్రభుత్వం అంటోంది, ఆ మాటలో పస ఉంది కూడా. జాదవ్ ఇంకా జైల్లోనే ఉన్నాడు. కానీ ఉరి తీయలేదు. సగం ఈపీ అంటారా? సీనియర్ గారైతే "పార్ట్ శాటిస్‌ఫాక్షన్ రికార్డు చేయించు" అనేవారు.

2020 డిసెంబరులో ఆ కోర్టు జడ్జీలు తమ లోపలి నియమాల్లో ఒక మార్పు చేసుకున్నారు. మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన ప్రతి కేసులో దాని అమలు ఎలా ఉందో కనిపెట్టడానికి ముగ్గురు జడ్జీల కమిటీ. పత్రికల్లో ఎక్కడా పెద్దగా రాలేదు. నా లెక్కలో దశాబ్దాలుగా జరిగిన సంస్కరణల్లో పెద్దది ఇదే. ఆ భవనంలోకి అమీను అడుగు పెట్టడం ఇదే మొదలు. అతని చేతిలో వారెంటు లేదు, నిజమే. ఉక్రెయిన్ మీద సైనిక చర్య ఆపమని 2022 మార్చి 16న 13-2తో చెప్పినా రష్యా వినలేదు. గాజాలోని రఫా మీద దాడి ఆపమని ఇజ్రాయెల్‌కు 2024 మే 24న ఇచ్చిన ఆదేశం సంగతీ మీకు తెలుసు. అయినా ఎవరు ఎప్పుడు ఏమి చేయలేదో కోర్టు కాగితం మీద తేదీలతో సహా ఉండటం వేరు, లేకపోవడం వేరు. అమీను తిరిగొచ్చి "ఇంటికి తాళం" అని రాసిన రిటర్నుకు కూడా విలువ ఉందని ఈ హాల్లో అందరికీ తెలుసు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు గురించి రెండే మాటలు. 1998 జూలైలో రోమ్‌లో దాని ఏర్పాటుకు 120 దేశాలు అవునన్నాయి, ఏడు కాదన్నాయి, 21 తటస్థంగా ఉన్నాయి. మనం ఆ 21లో. భద్రతా మండలి చేతిలో ఆ కోర్టు పగ్గాలు పెట్టడం మనకు నచ్చలేదు, ఆ అభ్యంతరం నాకు ఇవాళ్టికీ సబబే అనిపిస్తుంది. అయితే ఆ కోర్టు వారెంటు ఉన్న సూడాన్ అధ్యక్షుడు అల్ బషీర్ 2015 అక్టోబరులో ఢిల్లీ వచ్చి సదస్సులో కూర్చుని వెళ్లాడు. సభ్యులం కాదు కనుక పట్టివ్వాల్సిన బాధ్యత లేదన్నాం. సరే. సభ్యదేశమైన మంగోలియాకు 2024లో, అలాంటి వారెంటే ఉన్న రష్యా అధ్యక్షుడు పుతిన్ వెళ్లి వచ్చాడు, అక్కడా ఏమీ కాలేదు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తెను మాత్రం 2025 మార్చిలో అదే కోర్టు వారెంటు మీద మనీలాలో పట్టుకుని హేగ్‌కు విమానం ఎక్కించారు. అతనికి అప్పటికి ఇంట్లో రాజకీయ బలం పోయింది. వారెంటు అమలు కావాలంటే ముందు వాడి ఊళ్లో వాడికి పట్టు పోవాలి. మన దగ్గరా అంతే కదా.

ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు బెంచి ఇంకా సులువుగా చచ్చింది. ఏడుగురు ఉండాలి, కేసుకు ముగ్గురు వినాలి. అమెరికా కొత్త నియామకాలకు అడ్డుపడుతూ వచ్చింది, 2019 డిసెంబరు నాటికి ముగ్గురు కూడా మిగల్లేదు. అప్పటి నుంచి కింద ఓడినవాడు అప్పీలు పడేస్తే చాలు, వినేవాడు లేడు కనుక కేసు గాల్లో ఉండిపోతుంది. మన చెరకు రాయితీల మీద ఆస్ట్రేలియా, బ్రెజిల్, గ్వాటెమాలా వేసిన కేసులో 2021 డిసెంబరులో మనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. 2022 జనవరిలో అప్పీలు పడేశాం. రైతు కోసమే, కాదనను. కానీ ఆ బెంచి త్వరగా బతికి రావాలని మనం జెనీవాలో చేసే ప్రసంగాలు విన్నప్పుడు నాకు కాస్త నవ్వొస్తుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన కోర్టు దగ్గరికి వస్తాను. జర్మనీలోని హాంబర్గ్‌లో ఉంది. సముద్ర చట్టాల అంతర్జాతీయ ట్రిబ్యునల్, 21 మంది జడ్జీలు, 1996లో పుట్టింది. పుట్టిన నాటి నుంచి 2017 దాకా అందులో జడ్జిగా ఉన్న మనిషి అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన డాక్టర్ పాటిబండ్ల చంద్రశేఖరరావు. 1999 నుంచి 2002 దాకా దానికి అధ్యక్షులు. ఏదైనా అంతర్జాతీయ కోర్టు అధ్యక్షపీఠంలో కూర్చున్న తెలుగువాడి పేరు అడిగితే మన లా విద్యార్థుల్లో పదిమందికి ఒకరు కూడా చెప్పలేరు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది, పాఠాలు చెప్పినవాణ్ని నేనే.

ఆయన అధ్యక్షులుగా ఉన్నప్పటి ఒక కేసు చెబుతాను. కామూకో అనే చేపల ఓడ, పనామా జెండా. 1999 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో క్రోజే దీవుల దగ్గర, ఫ్రాన్స్ ఆర్థిక మండలంలో దొంగచాటుగా టూత్‌ఫిష్ పడుతోందని ఫ్రెంచి నౌకాదళం పట్టుకుంది. రీయూనియన్ దీవికి తీసుకుపోయి ఓడను కట్టేశారు, కెప్టెన్ పాస్‌పోర్టు తీసుకున్నారు. విడవాలంటే 2 కోట్ల ఫ్రాంకులు పూచీ కట్టమంది అక్కడి కోర్టు. 2000 జనవరి 17న పనామా హాంబర్గ్‌లో పిటిషన్ వేసింది. ఫిబ్రవరి 7న తీర్పు. మూడు వారాలు! 80 లక్షల ఫ్రాంకుల పూచీ మీద ఓడనూ కెప్టెన్‌నూ విడిచిపెట్టమన్నారు. చేపలు దొంగిలించారా లేదా అన్నది వాళ్లు ముట్టుకోలేదు, అది ఫ్రెంచి కోర్టు చూసుకుంటుంది.

విన్నారు కదా, ఇది మన బెయిల్ పిటిషనే. వాయిదాలు లేవు. ప్రతివాది ఒప్పుకోవాలన్న షరతు లేదు, సముద్ర చట్టాల ఒడంబడికలో చేరినప్పుడే ఒప్పుకున్నట్టు. అడిగింది చిన్నది, ఇచ్చింది చిన్నది, గడువు నియమాల్లోనే రాసి ఉంది. మహా న్యాయం కోసం కట్టిన సౌధాల్లో ఏళ్లకేళ్లు పట్టే చోట, ఓడ విడిపించే ఈ చిన్న తలుపు కిర్రుమనకుండా తెరుచుకుంది. సంస్కరణ అంటూ ఉంటే ఇలాంటి చిన్న తలుపులు ఎక్కువ చేయడమే అని నా అభిప్రాయం. జాదవ్ లాంటి ఖైదీని కాన్సులర్ అధికారి కలవనివ్వాలా వద్దా అన్నదానికి రెండేళ్ల విచారణ ఎందుకు? నెలరోజుల పిటిషన్ చాలదా?

ఓడిపోయినా ఒప్పుకున్న రోజు కూడా మనకు ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. బంగాళాఖాతంలో సరిహద్దు మీద బంగ్లాదేశ్ మనల్ని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌కు లాగింది. 2014 జూలై 7న, వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. ఆ ట్రిబ్యునల్‌లో మన తెలుగువారు డాక్టర్ పెమ్మరాజు శ్రీనివాసరావు గారు కొన్ని అంశాల్లో విభేదించి వేరే రాశారు. అయినా మన ప్రభుత్వం తీర్పును ఒప్పుకుంది. అమీను రాలేదు, భద్రతా మండలి అడగలేదు. రెండేళ్లకు దక్షిణ చైనా సముద్రం మీద వచ్చిన తీర్పును చైనా చెత్త కాగితమన్నప్పుడు, మనం తలెత్తుకుని మాట్లాడగలిగింది ఈ ఓటమి వల్లే.

కాబట్టి నేను అడిగేది ఢిల్లీని. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ ఉంది. ప్రభుత్వం గుర్తించిన కొన్ని విదేశాల పెద్ద కోర్టుల డిక్రీని తెచ్చి ఇక్కడే, ఈ జిల్లా కోర్టులోనే, మన డిక్రీ లాగా ఈపీ వేసుకోవచ్చు. లండన్ డిక్రీకి ఉన్న దారి హేగ్ తీర్పుకు లేదు. భారతదేశం ఒప్పుకుని వెళ్లిన అంతర్జాతీయ కోర్టు మన మీద ఇచ్చిన తీర్పు మన కోర్టుల్లో అమలవుతుందని నాలుగు సెక్షన్ల చట్టం పార్లమెంటు చేయడానికి ఎవరి వీటో అడ్డం? రాజ్యాంగం 51వ అధికరణలో అంతర్జాతీయ చట్టం పట్ల గౌరవం పెంపొందించాలని రాసుకున్నాం కదా. ఇది చెబితే ఒక సెమినార్‌లో నన్ను అమాయకుణ్ని చూసినట్టు చూశారు. మన మీద మనమే అమీనును పిలుచుకుంటామా అని. అవును, అదే అంటున్నాను.

ఇక చివరి సంగతి, సీనియర్ గారి మొదటి ప్రశ్నకు కూడా ముందుది. దావా వేసేదెవరు? హేగ్‌లో దేశాలే కక్షిదారులు. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరం దగ్గర ఇటలీ ఓడ మీది నావికాసైనికులు ఇద్దరు జాలర్లను కాల్చి చంపారు. సుప్రీంకోర్టు, హాంబర్గ్, హేగ్ మధ్యవర్తుల బెంచి, అన్నీ తిరిగింది కేసు. ఆ బెంచిలో చంద్రశేఖరరావు గారు ఉండి, 2018లో చనిపోతే ఆ స్థానంలోకి శ్రీనివాసరావు గారే వచ్చారు. 2020లో తేలింది, సైనికుల్ని విచారించే అధికారం మనకు లేదు, పరిహారం మాత్రం రావాలి అని. 10 కోట్ల రూపాయలు 2021లో వచ్చాయి. నాలుగేసి కోట్లు ఆ రెండు కుటుంబాలకు, రెండు కోట్లు బోటు యజమానికి. తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఏ అంతర్జాతీయ బెంచి ముందూ ఆ కుటుంబాల వకాల్తా లేదు.

మన జిల్లా సంగతి మీకు నేను చెప్పాలా? మత్స్యలేశం వైపు ఊళ్ల నుంచి సీజనుకు గుజరాత్ వెళ్లి వేరావల్ బోట్లెక్కే మనవాళ్లను 2018 నవంబరు చివర్లో పాకిస్థాన్ వాళ్లు పట్టుకున్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర గేటు దాటారు. ఈ కథే 'తండేల్' సినిమాలో చూశారు. సముద్ర చట్టాల ఒడంబడిక 73వ అధికరణ ప్రకారం ఆర్థిక మండలంలో చేపల నేరానికి, వేరే ఒప్పందం లేకపోతే, జైలు వేయకూడదు. తగిన పూచీ మీద ఓడనూ మనుషుల్నీ వెంటనే వదలాలి. వాళ్లు పట్టుబడింది ఆ మండలంలోనా, ప్రాదేశిక జలాల్లోనా అన్నది వేరే వాదన, అక్కడ గీత కూడా సరిగా గీసి లేదు. రెండు దేశాలూ ఆ ఒడంబడికలో ఉన్నాయి. కానీ కామూకోకు తెరుచుకున్న తలుపు తట్టాలంటే జెండా దేశమే తట్టాలి, లేదా తన తరఫున తట్టమని ఎవరికైనా అధికారం ఇవ్వాలి. మన జాలరి తరఫున మన దేశం తట్టదు. రేపు వాళ్ల జాలరి తరఫున వాళ్లు తడతారని భయం కావచ్చు. రెండు వైపులా జైళ్లలో జాలర్లున్నారు.

2019 వేసవిలో ఒకామె మా ఇంటికి వచ్చింది. నేను అంతర్జాతీయ కోర్టుల మాస్టారినని ఎవరో చెప్పారట. కొంగుముడిలో మడతపెట్టిన ఆధార్ జిరాక్సు, పెళ్లినాటి ఫోటో ఒకటి. జాదవ్ కేసు టీవీలో చూసింది. "ఆ కోర్టులో మాకూ ఒక కాయితం పెట్టండి బాబూ, ఎంతవుద్ది?" అంది. కాయితం పెట్టేది మనం కాదమ్మా, ప్రభుత్వం పెట్టాలి అన్నాను. "మరి ప్రభుత్వానికి వకాల్తా నేనివ్వాలా, నాకు వాళ్లివ్వాలా?" అంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఏ విద్యార్థీ అడగలేదు ఆ ప్రశ్న.

రెండు దేశాలూ 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. అది చెప్పాను. జాబితాలో మీ ఆయన పేరు ఉందో లేదో కనుక్కుంటానన్నాను. ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. జిరాక్సు మళ్లీ నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. "అయితే జూలైలో వస్తాను," అని చెప్పి బస్సుకు వెళ్లిపోయింది.